అండాశయాలు లేని ఎముకకు యాంటీఈస్ట్రోజెన్ ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం.

స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే రొమ్ము క్యాన్సర్ మందు, అంటే యాంటీఈస్ట్రోజెన్, టామోక్సిఫెన్. అది ఎముకను కాపాడుతుందా, కరిగిస్తుందా అని ఎవరైనా అడిగితే ముందు నాదో ఎదురు ప్రశ్న ఉంటుంది: ఆమెకు నెలసరి వస్తోందా, ఆగిపోయిందా? అది తెలియకుండా చెప్పే జవాబు ఏదైనా సగమే.

ఎముకలో ఆస్టియోక్లాస్టులు తవ్వుతుంటాయి, ఆస్టియోబ్లాస్టులు పూడుస్తుంటాయి. తవ్వే కణాలు ఎన్ని పుట్టాలో, ఎన్నాళ్లు బతకాలో అదుపు చేసేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్. అండాశయాలు తీసేస్తే ఆ అదుపు పోతుంది. పూడ్చే పనీ పెరుగుతుంది కానీ తవ్వకాన్ని అందుకోలేదు. వెన్నుపూసల్లోని గుల్ల ఎముక ముందుగా పలచబడుతుంది.

రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి టామోక్సిఫెన్ వాడితే ఎముకలు ఏమవుతాయన్న భయం 1980ల్లో ఉండేది. 1987లో క్రెయిగ్ జోర్డాన్ బృందం ఎలుకల్లో చూస్తే ఫలితం తిరగబడింది. అండాశయాలు తీసేసిన ఎలుకల తొడ ఎముక సాంద్రత తగ్గింది. టామోక్సిఫెన్ గానీ కియోక్సిఫెన్ గానీ ఇచ్చినవాటిలో నిలబడింది. ఆ కియోక్సిఫెనే నేటి రాలోక్సిఫెన్.

ఇలాంటి ప్రయోగం చేయబోయేవాళ్లు నాలుగు గుంపులు పెట్టుకోండి: పొట్ట కోసి అండాశయాలు ఉంచినవి, తీసేసినవి, తీసి మందు ఇచ్చినవి, తీసి ఎస్ట్రాడయోల్ (అసలు ఈస్ట్రోజెన్) ఇచ్చినవి. మూడు నెలల ఎలుకలు వద్దు, ఎముక ఇంకా పొడవు పెరుగుతూ ఉంటుంది, పెరుగుదలకూ మందు ప్రభావానికీ తేడా తెలియదు. ఆరు నెలలు దాటినవి నయం. చివర్లో గర్భాశయాన్ని తూచడం మానకండి. అది కుంచించుకుపోలేదంటే అండాశయపు ముక్క లోపల మిగిలిపోయిందన్నమాట, ఆ ఎలుకను లెక్కలోంచి తీసేయాలి. ఇంకో చిక్కు, అండాశయాలు పోయిన ఎలుక తిండి ఎక్కువ తిని బరువెక్కుతుంది. ఆ బరువే ఎముకను కొంత నిలబెడుతుంది. అందుకే అన్ని గుంపులకూ మేత కొలిచి పెట్టాలి. చాలా ప్రయోగాలు పాడయ్యేది ఇక్కడే.

మనుషుల్లోనూ ఇదే కనిపించింది. 1992లో వెలువడిన అధ్యయనంలో నెలసరి ఆగిన 140 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్లో కొందరికి రెండేళ్లపాటు రోజుకు రెండుసార్లు 10 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్ ఇచ్చారు. వారి నడుము వెన్ను సాంద్రత ఏడాదికి 0.61 శాతం పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 1 శాతం తగ్గింది. కానీ 1996లో ఇంకా నెలసరి వస్తున్న స్త్రీలను చూసినప్పుడు అదే మందు వారి ఎముకను తగ్గించింది. వైరుధ్యం ఏమీ లేదు. ఎముకలో టామోక్సిఫెన్ బలహీనమైన ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. గ్రాహకం (కణంలో హార్మోన్ అతుక్కునే చోటు) ఖాళీగా ఉంటే ఆ కాస్త బలమే లాభం. అసలు హార్మోన్ నిండుగా ఉన్నచోట దాన్ని నెట్టేసి కూర్చుంటే నష్టం.

ఎముకలు గుల్లబారినప్పుడు ఇచ్చే రాలోక్సిఫెన్ మోతాదు రోజుకు 60 మిల్లీగ్రాములు. 7,705 మంది మీద జరిగిన పరీక్షలో వెన్నుపూసల విరుగుళ్లు తగ్గాయి, తుంటి విరుగుళ్లు తగ్గలేదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం సుమారు మూడింతలైంది. కాబట్టి ఎక్కువకాలం మంచం పట్టించే ఆపరేషన్ ఉంటే కనీసం 72 గంటల ముందే ఆపాలి.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ కూడా రొమ్ము క్యాన్సర్ మందులే, కానీ వాటిని టామోక్సిఫెన్, రాలోక్సిఫెన్‌లతో కలిపేయకండి. అవి ఈస్ట్రోజెన్ తయారీనే ఆపేస్తాయి, గ్రాహకం మీద బలహీనంగానైనా పనిచేసేది ఏదీ మిగలదు. నెలసరి ఆగిన రోగిని టామోక్సిఫెన్ నుంచి లెట్రోజోల్‌కు మారుస్తున్నప్పుడు పాత మందు ఇస్తున్న రక్షణ పోయి, కొత్త మందు తెచ్చే నష్టం మొదలవుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఆ మార్పు రోజుల్లోనే చేయించాలి, విరిగాక కాదు.