రాకాసి గూళ్ళు: తాడ్వాయి అడవిలో ఒక పాత బొందలగడ్డ

[అడవి బాట. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు.]

నమస్తే అండి. ఈసారి మనం పోతున్నది గుడికి కాదు, కోటకు కాదు. బొందలగడ్డకు, అంటే శ్మశానానికి. "ఆదివారం పూట చూపించడానికి ఇంకేం దొరకలేదా" అని మా ఇంట్లోనే అన్నారు. ముందు చూడండి, తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి.

ములుగు జిల్లా, తాడ్వాయి మండలం, దామరవాయి. వరంగల్ నుంచి ములుగు, పస్రా దాటితే తాడ్వాయి. మొత్తం 90 కిలోమీటర్లు ఉంటుందేమో. మేడారం జాతరకు పోయినవాళ్ళందరికీ ఈ రోడ్డు తెలుసు, కానీ వాళ్ళలో ఎక్కువమంది పక్కనే ఉన్న ఈ గుట్ట ఎక్కి ఉండరు. నేనూ మూడు జాతరలకు పోయాను, మూడుసార్లూ దీని పక్క నుంచే వెళ్ళిపోయాను.

[చెట్ల మధ్య మొదటి గూడు. కెమెరా దగ్గరికి వెళ్తుంది.]

ఇదిగో, ఇదే. నాలుగు వైపులా నిలబెట్టిన బండలు, పైన ఒకే ఒక్క కప్పురాయి. పురావస్తు శాస్త్రంలో దీన్ని డోల్మెన్ అంటారు. ఊళ్ళో అయితే రాకాసి గూళ్ళు, రాక్షస గుళ్ళు. మనుషులకు ఇంత బండలు లేస్తాయా, రాక్షసులే కట్టి ఉంటారని పెద్దలు అనుకున్నారు. తప్పు పట్టలేం. ఒక చిన్న లెక్క చూడండి. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అడుగు మందం ఉన్న ఇసుకరాయి రెండు టన్నులకు పైనే తూగుతుంది. ఇక్కడ అంతకంటే పెద్దవీ ఉన్నాయి. క్రేన్ లేదు, సున్నం లేదు, సిమెంటు లేదు. రాయిని రాయి బరువే పట్టుకుని ఉంది.

మరి ఎలా లేపారు? సగం జవాబు రాయిలోనే ఉంది. దగ్గరికి వచ్చి అంచు చూడండి.

[బండ అంచు, పొరలు పొరలుగా.]

ఇసుకరాయి పొరలు పొరలుగా ఏర్పడుతుంది. ఆ పొర వెంట మేకులు దిగ్గొడితే పలకలా విడిపోతుంది. చెక్కాల్సిన పని తక్కువ. ఇలాంటి రాయి ఉన్న గుట్టనే ఎంచుకోవడంలోనే వాళ్ళ తెలివి కనిపిస్తుంది. నిలువు బండలు పాతాక పక్కన మట్టి ఏటవాలుగా పోసి, దుంగల మీద కప్పురాయిని దొర్లిస్తూ పైకి తెచ్చి ఉంటారని సాధారణంగా చెప్పే మాట. ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని మాత్రం కాదు. ఊరంతా కదలాలి, ఆ ఊరందరికీ తిండి పెట్టాలి.

లోపల తొంగి చూడండి. చెయ్యి పెట్టకండి, పాములుంటాయి. కొన్ని గూళ్ళలో రాతి తొట్టి కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పశువులకు నీళ్ళు పెట్టే కుడితి తొట్టి ఇక్కడెందుకుందా అనుకున్నాను. అది శవపేటిక అండి. ఈ కాలపు సమాధుల్లో చాలా చోట్ల మొత్తం శరీరం దొరకదు, ఎంచి పెట్టిన ఎముకలు దొరుకుతాయి. అంటే శవాన్ని ముందు వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి ఇక్కడ దాచారన్నమాట. మనం మూడోనాడు అస్థికలు ఏరుకురావడం లేదా, అలాంటిదే.

కాలం ఎంత? ఇవి ఇనుప యుగం నాటి సమాధులు, సుమారు 2,000 నుంచి 3,000 ఏళ్ళ నాటివి. రామప్ప గుడి 1213 నాటిది. వీటి ముందు రామప్ప నిన్నమొన్నటి కట్టడం. ఇలాంటివి గుట్ట మీద వందకు పైనే ఉన్నాయి. కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని కూలిపోయాయి, కొన్నిట్లోంచి చెట్లే మొలిచాయి.

[కూలిన గూళ్ళు, పగిలిన కప్పురాళ్ళు.]

ఈ కూలినవి చూసి గాలివాన పని అనుకోకండి. ఈ అడవికి గట్టి దెబ్బలే తగిలాయి. 2024 ఆగస్టు 31న సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. అదే ఏడాది డిసెంబరు 4 పొద్దున 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, దాని కేంద్రం కూడా ఈ జిల్లాలోనే. ఇన్ని శతాబ్దాల్లో ఇలాంటివి ఎన్ని వచ్చి పోయాయో. వాటికి తట్టుకున్నవి కూడా గుప్తనిధుల పిచ్చికి తట్టుకోలేకపోయాయి. గునపాలతో వచ్చి కప్పురాళ్ళు దొర్లించి, అడుగు దాకా తవ్వి పోయారు. ఏం దొరుకుతుంది లోపల? కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు, ఎముకలు. ఆ కుండలు లోపల నలుపు, బయట ఎరుపు. బోర్లించి కాల్చడం వల్ల గాలి తగలని భాగం నల్లబడుతుంది. ఆ పెంకు ముక్కతో అప్పటి వంట, వ్యాపారం, కాలం అన్నీ చదవొచ్చు. గునపం పట్టినవాడికి అది పనికిరాని పెంకు.

నాతో వచ్చిన కోయ పెద్దాయనను అడిగాను, "రాక్షసులు కట్టారంటారు, నిజమేనా తాతా?" అని. నవ్వాడు. "రాకాసి లేదు, గీకాసి లేదు బిడ్డా. పాతకాలపోళ్ళ బొందలు." గోదావరి అవతల బస్తర్‌లో మాడియా గోండులు చనిపోయినవాళ్ళ పేరున నిలువురాళ్ళు పాతే ఆచారం మన కాలం దాకా వచ్చింది. అలాంటివి చూసి పెరిగినవాళ్ళకు ఈ రాళ్ళు వింతగా అనిపించవు. వింత మనకే.

అన్నట్టు, డ్రోన్ షాట్ ఏదని అడగకండి. అడవిలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ఎలా రావాలంటే, ముందు తాడ్వాయిలో అటవీ శాఖవాళ్ళను అడగండి. ఊళ్ళోంచి ఒకరిని వెంట తెచ్చుకోండి, వాళ్ళ కూలి వాళ్ళకివ్వండి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. వానల్లో వాగులు నమ్మొద్దు. జాతర ఏడాది మాఘమాసంలో మాత్రం ఈ రోడ్డు ఎక్కితే మీరు గుట్ట కాదు, బస్సుల వెనక భాగాలే చూస్తారు. పైన షాపు లేదు, నీళ్ళు లేవు. రెండు లీటర్లు మోసుకోండి. కప్పురాయి ఎక్కి ఫోటో దిగాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. తాత ఏమీ అనలేదు, ఒక్కసారి చూశాడంతే. దిగిపోయాను.

[సాయంత్రం ఎండ. గూళ్ళ నీడలు పొడుగ్గా.]

నాలుగున్నరకల్లా కిందికి దిగడం మొదలుపెట్టండి. చెట్ల కింద చీకటి తొందరగా పడుతుంది. నేను ఇంకో పది నిమిషాలు షూట్ చేస్తానంటే తాత అప్పటికే సగం బాట దిగిపోయాడు. అందుకే వీడియో ఇక్కడితో ఆగిపోయింది.