మాయాబజార్ మీద నా కత్తెర

అందరికీ నమస్కారం. పరిచయంలో నన్ను ఎడిటర్ అన్నారు. అంత లేదండీ. ఎవరో తీసిన సినిమాల్ని ఇంట్లో కూర్చుని కోసుకునేవాణ్ణి. దీన్నే ఫ్యాన్ ఎడిట్ అంటారు.

ఈ విద్య నేను మొదట చూసింది మా ఊరి టూరింగ్ టాకీసులో. ఆపరేటర్‌కి నిద్రొచ్చిందంటే రెండో ఆటలో హీరోకి డ్యూయెట్ ఉండేది కాదు. ఒకసారి ఏకంగా ఫ్లాష్‌బ్యాక్ లేచిపోయింది. విలన్ ఎందుకు ఏడ్చాడురా అని మా బాబాయి ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు.

అమెరికాలో దీనికి పేరు తెచ్చింది ‘ఫాంటమ్ ఎడిట్’. 1999లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా నచ్చక మైక్ నికల్స్ అనే ఎడిటర్ దాన్ని ఇంచుమించు 20 నిమిషాలు తగ్గించాడు. అందులో జార్ జార్ బింక్స్ అనే పాత్ర వెకిలి చేష్టలు చాలావరకు ఎగిరిపోయాయి. ఆ క్యాసెట్లు చేతులు మారుతూ ఊళ్లు తిరిగాయి.

నాకూ హుషారొచ్చింది. కానీ నేను పట్టుకున్నది నచ్చని సినిమాని కాదు, మాయాబజార్‌ని. 1957 నాటి మూడు గంటల సినిమా. మా మనవడు అంతసేపు కూర్చోడు కదా, రెండు గంటలకి దించుదామనుకున్నాను. (హక్కుల సంగతి అడగబోతున్నారేమో, అది నా కంప్యూటర్ దాటి గడప తొక్కలేదు.)

ముందు ‘అహ నా పెళ్ళంట’ మీద పడ్డాను. పల్లవి తిరిగి తిరిగి వస్తోంది, ఒకటి తీసేస్తే ఏం పోతుందిలే అని కోసేశాను. వేసి చూస్తే నవ్వు రాలేదు! ఆ పాటలో సుశీల గొంతు మధ్య ఉన్నట్టుండి ఘంటసాల గొంతు పలుకుతుంది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కదా, అంతసేపూ సిగ్గులు ఒలకబోసిన సావిత్రిలోంచి అతను బయటపడతాడు. ఆ సిగ్గు మనకి బాగా అలవాటైతేనే ఆ మగ గొంతు పేలుతుంది. నేను తీసేసింది ఆ అలవాటునే. కోసింది తెచ్చి మళ్లీ అతికించాను.

నాలుగు రోజులు కుస్తీ పట్టాను. చివరికి అర్థమైంది, ఈ సినిమాలో కోత షూటింగుకి ముందే అయిపోయింది. దర్శకుడు కె.వి. రెడ్డి గారు స్టాప్‌వాచ్ పెట్టి సీను నిడివి కొలిచేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతారు. ఎడిటింగ్ బల్ల దగ్గర జంబులింగం, కల్యాణసుందరం ఉన్నారనుకోండి, వాళ్ల పనితనం వాళ్లదే. అయినా అసలైన కోత కాగితం మీద జరిగింది. పాండవుల కథ చెబుతూ పాండవుల్ని ఒక్క ఫ్రేములోనూ చూపించలేదు. ఐదుగురు నటులు, వాళ్ల కిరీటాలు, ఒక జూదపు సభ, అంతా ఎత్తేశారు. లోటు తెలిసిందా మనకి? నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఎవరో చెప్పేదాకా గమనించనే లేదు.

2014లో స్టీవెన్ సోడర్‌బర్గ్ అనే హాలీవుడ్ దర్శకుడు ఒక పని చేశాడు. స్పీల్‌బర్గ్ సినిమా ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ని రంగులు తీసేసి, మాటలు తీసేసి, బొమ్మ మాత్రమే చూడండి అని పెట్టాడు. షాట్ పక్కన షాట్ ఎలా నిలబడిందో నేర్చుకోడానికి. నాకైతే ఏ ఫ్యాన్ ఎడిట్ కన్నా ఇదే మంచిదనిపిస్తుంది. మనకి ఇంకా సులువు, మాయాబజార్‌కి రంగు తీసే పనిలేదు. 2010లో రంగులేసి విడుదల చేశారు గానీ, మీరు పాతదే పెట్టుకోండి. మ్యూట్ నొక్కితే చాలు.

ఇవాళ మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే మాయపెట్టె సీను తెచ్చాను. పెట్టె తెరిస్తే ఎవరికిష్టమైనది వాళ్లకి కనపడుతుంది. బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడి వంతు వచ్చేసరికి శకుని! ముఖం, పెట్టె, మళ్లీ ముఖం. ఏ ముఖం మీద ఎంతసేపు ఆగారో చేతి వేళ్ల మీద లెక్కపెట్టండి. మొదటిసారి సౌండ్ లేకుండా వేస్తాను. ఆ వెనక లైట్లు ఆర్పండమ్మా.