వంతెన అవతలి జామీను

(గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి రోజున, ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఒక రిటైర్డ్ లాయరు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. తెలుగు భాషా దినోత్సవం కదా, భాష మీద మాట్లాడమన్నారు. నేను 30 ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ణి. నాకు బాగా తెలిసిన భాష ఎఫ్ఐఆర్ భాష, వాయిదాల భాష. అదే మాట్లాడతాను. విసుగొస్తే చెప్పండి, టీ ఎలాగూ వస్తోంది.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. ఏ స్టేషనో, ఏ కోర్టో చెప్పను. ఆంధ్రా వైపు పాతపట్నం పక్క పల్లె నుంచి ఇటు కూలికి వచ్చిన ఎరుకల కుర్రాడు, పందొమ్మిదేళ్ళవాడు. ఒక గోడౌన్‌లో నీళ్ళ మోటారు పోయింది. ఆ రాత్రి ఆ దారిన చాలామందే నడిచి ఉంటారు. వీణ్ణి ఆపారు. ఏ ఊరన్నారు, చెప్పాడు. ఏ కులమన్నారు, చెప్పాడు. మూడో ప్రశ్న లేదు. మోటారు వాడి దగ్గర దొరకలేదు, కేసు మాత్రం కట్టారు.

రెండో వారంలోనే బెయిలు వచ్చింది. అందుకు నేనే పకోడీలు తినిపించాను మా గుమాస్తాకి. కానీ ఆర్డరులో ఒక ముక్క ఉంది: భూమి ఉన్న స్థానిక జామీనుదారులు ఇద్దరు కావాలి. వాడి తండ్రి మహేంద్రతనయ ఏటి వంతెన దాటి నడిచి వచ్చాడు. పట్టాదారు పాసు పుస్తకం పాలిథిన్ కవరులో పెట్టి, దాని మీద తువ్వాలు చుట్టి తెచ్చాడు. ఎకరం పది సెంట్లు. క్లర్కు రెండు పేజీలు తిప్పి, "ఇది ఆంధ్రాది, ఇక్కడ చెల్లదు" అన్నాడు. "ఏరవతలే కదా బాబూ, ఇక్కడికి కనబడతాది" అన్నాడా ముసలాయన. నిజమే, మేడెక్కితే కనబడుతుంది. ఏం లాభం? కుర్రాడు నాలుగు నెలలు లోపలున్నాడు. కొన్నేళ్ళకి కేసు కొట్టేశారు. రికార్డులో వాడికి పడిన శిక్ష సున్నా.

చట్టం ముందు వివక్ష అనగానే మన ఇళ్ళల్లో అమెరికా మాట వస్తుంది. పిల్లలు అక్కడున్నారు, వీడియోలు చూస్తున్నాం. ఆ దేశం సంగతి కాస్త వివరంగానే చూద్దాం, ఎందుకంటే వాళ్ళు లెక్కలు రాసిపెట్టుకున్నారు. అక్కడ 1986లో మాదకద్రవ్యాల మీద ఒక చట్టం చేశారు. కొకెయిన్ పొడి రూపంలో 500 గ్రాములు అమ్మితే కనీసం ఐదేళ్ళ జైలు. అదే కొకెయిన్‌ని తినే సోడా వేసి ఉడికించి గడ్డ కట్టిస్తే దాన్ని క్రాక్ అంటారు. అది 5 గ్రాములకే ఐదేళ్ళు. ఒకటికి వంద. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు అన్న మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. కానీ చౌకగా చిల్లరగా దొరికే క్రాక్ కేసుల్లో పట్టుబడి జైలుకెళ్ళింది ఎక్కువగా నల్లవాళ్ళే. 2010లో ఆ వందని పద్దెనిమిదికి తగ్గించారు. ఒకటికి ఒకటి చెయ్యలేదు, గమనించండి. పాత శిక్షలు అనుభవిస్తున్నవాళ్ళకి ఆ తగ్గింపు అడిగే దారి 2018లో గానీ తెరుచుకోలేదు.

నన్ను ఎక్కువ తొలిచే కేసు మరొకటి. జార్జియా రాష్ట్రంలో వారెన్ మెక్లెస్కీ అనే నల్లజాతి మనిషికి, తెల్ల పోలీసును చంపిన కేసులో మరణశిక్ష వేశారు. ఆయన లాయర్లు ఒక అధ్యయనం పట్టుకొచ్చారు. డేవిడ్ బాల్డస్ అనే ప్రొఫెసరు, ఆయన తోటివాళ్ళు రెండు వేలకు పైగా హత్య కేసులు తవ్వి చూశారు. చనిపోయినవాడు తెల్లవాడైతే నిందితుడికి మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని తేల్చారు. 1987లో సుప్రీంకోర్టు ఆ లెక్కల్ని తప్పనలేదు. కానీ నీ కేసులో, నీ జడ్జి, నీ జ్యూరీ కావాలని వివక్ష చూపారని రుజువేదీ అంది. ఐదుగురు అటు, నలుగురు ఇటు. 1991లో మెక్లెస్కీని చంపేశారు. తీర్పు రాసిన జస్టిస్ పావెల్ రిటైరయ్యాక, మార్చుకోగలిగితే ఆ కేసులో నా ఓటు మార్చుకుంటాను అన్నాడు. ఒక్క ఓటు.

మా ఎరుకల కుర్రాడి కేసులో నేనైనా ఏం రుజువు చూపగలను? ఆపిన కానిస్టేబులుకి వాడి మీద కక్ష లేదు. క్లర్కు మంచివాడే, నాకు పెళ్ళి సంబంధాలు కూడా చెప్పేవాడు.

రంగూ కులమూ ఒకటేనని నేననను. బానిసత్వం చరిత్ర వేరు, మన చరిత్ర వేరు. పైగా అక్కడ దాచుకుని చేసింది ఇక్కడ పేరు పెట్టి మరీ చేశారు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1936 దాకా మన పర్లాకిమిడి కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. ఎరుకలవాళ్ళని ఆ జాబితాకెక్కించారు. స్టూవర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో ఉంచి హాజరు వేయించారు. పుట్టిన బిడ్డ పుట్టుకతోనే దొంగ అన్నమాట. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. దాని స్థానంలో 'అలవాటైన నేరస్థులు' అని రాష్ట్రాలు వేరే చట్టాలు పెట్టుకున్నాయి.

పోయిందనుకున్నది జైలు పుస్తకాల్లో బతికే ఉంది. పశ్చిమ బెంగాల్ జైలు కోడ్‌లో ఒక నిబంధన: తోటి ఖైదీల మీద మేస్త్రీగా ఉన్న ఖైదీని రాత్రి కాపలాకి పెట్టాలంటే, వాడు సంచార జాతులవాళ్ళలాగా పారిపోయే సహజగుణం ఉన్న తరగతివాడు కాకూడదట. సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన పిటిషన్ మీద 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధనల్ని కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. చట్టం పోయాక 72 ఏళ్ళకి!

ఇక జామీను సంగతి. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. మధ్యప్రదేశ్‌లో కింది కోర్టు పదివేల రూపాయల పూచీ అడిగింది. అన్న జామీను ఉంటానంటే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్‌కి కోపమొచ్చింది. ఒక మలయాళీయో తమిళుడో ఆంధ్రుడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుల్ని ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద విడిచిపెట్టమన్నారు. ఆ తీర్పు జిరాక్సు నా బల్ల మీద ఉంది ఆ రోజుల్లో. చూపించాను కూడా. "చూద్దాం" అన్నారు. వాయిదా పడింది. పైకోర్టుకి, అంటే కటక్‌లో ఉన్న హైకోర్టుకి వెళ్ళాల్సింది. కటక్ రానూపోనూ ఖర్చు ఆ ముసలాయన దగ్గర లేదు. నా దగ్గర ఉంది, నేను వెళ్ళలేదు. ఇది చెప్పుకోడానికి నాకిన్నేళ్ళు పట్టింది.

2022 చివర్లో మన దేశం జైళ్ళలో 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అదే ఏడు రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు జడ్జీల ముందే ఈ ప్రస్తావన తెచ్చారు. ఆవిడది ఒడిశాయే, ఇలాంటి కుటుంబాల్ని దగ్గర నుంచి చూసినావిడ.

భాష మీద మాట్లాడమన్నారు కదా, వస్తున్నాను. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకొక మాట చెప్పింది. ఎవర్నయినా అరెస్టు చేస్తే ఎందుకు చేశారో రాతపూర్వకంగా ఇవ్వాలి, అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో. మన దగ్గర కాగితాలు ఒడియాలో నడుస్తాయి. తెలుగువాడైతే సంతలో నేర్చుకున్న ఒడియాతో సగం పట్టుకుంటాడు. కొండ మీంచి దిగిన సవర మనిషికి? సంతకం పెట్టమన్నచోట వేలిముద్ర వేస్తాడు. పంతులుగారు ఇదే ఊళ్ళో సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. దండలు వేస్తున్నాం సరే.

ఎస్సీ, ఎస్టీలకీ, ఆడవాళ్ళకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ లాయరు ఉచితం, ఆదాయంతో పనిలేదు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణలోనే గడిపేస్తే బాండు మీద విడిచిపెట్టాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షను. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడగల కేసులకీ, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకీ అది వర్తించదు. మీ వీధిలో ఎవరి పిల్లాడైనా లోపలుంటే, తేదీలు లెక్కేసుకుని కాగితాలు నాకు తెండి. ఆదివారం పొద్దున్నపూట ఇంట్లోనే ఉంటాను. ఒడియా నేను చదివిపెడతాను. సవర వచ్చినవాళ్ళు ఇద్దరు మాత్రం నాకు తోడు కావాలి. రెండేళ్ళుగా పంతులుగారి పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నా, ఈ వయసులో నాకది పట్టుబడటం లేదు.