ఎవరెక్కడ నవ్వారు?

శ్రోతలకు నమస్కారం.

మా నెల్లూరు మూలాపేటలో ఒక మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఆరేడుగురం చేరతాం. పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికని పేరుకే అంటాం. సగం సేపు టీ, మసాలా బొరుగులు, ఊరి కబుర్లు. ఈమధ్య మూడు ఆదివారాలు మాత్రం ఒకే పుస్తకం పట్టుకు కూర్చున్నాం. నీల్ స్టీఫెన్సన్ అనే అమెరికన్ రచయిత 1992లో అచ్చువేసిన 'స్నో క్రాష్' నవల. ముగ్గురం ఇంగ్లీషులో చదివాం, మిగతావాళ్ళకి నేనే కథ చెప్పాను. చెబుతుంటే ఒకటి తమాషాగా తోచింది. అందరూ నవ్వారు గానీ, అందరూ ఒకేచోట నవ్వలేదు.

ఇలాంటి నవలల్ని సైబర్‌పంక్ అంటారు. ఆ మాట 1983లో బ్రూస్ బెత్కీ అనే ఆయన తన కథకు పెట్టుకున్న పేరు. ఈ కథల్లో కంప్యూటర్లు ఆకాశాన్నంటుతుంటాయి, మనుషులేమో ఇంటద్దె కట్టలేక అల్లాడుతుంటారు. మరుసటి ఏడాదే విలియం గిబ్సన్ రాసిన నవలతో ఈ దారికి పేరొచ్చింది. అక్కడంతా చీకటి, సీరియస్ వ్యవహారం. ఎనిమిదేళ్ళ తర్వాత స్టీఫెన్సన్ వచ్చి ఆ సీరియస్ మొహానికి చక్కిలిగింతలు పెట్టాడు. కథానాయకుడి పేరే చూడండి. పేరు హిరో, ఇంటిపేరు ప్రొటాగనిస్ట్. మన భాషలో ఇంటిపేరే కథానాయకుడు అన్నమాట. రేషన్ కార్డులో ఆ పేరు రాయించుకునేటప్పుడు కౌంటర్లో మనిషి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ హిరో ఇద్దరు మనుషులుగా బతుకుతుంటాడు. కంప్యూటర్ లోపలి లోకంలో గొప్ప కత్తివీరుడు. బయట సామాన్లు దాచుకునే గోదాములో ఒక గది అద్దెకు తీసుకుని, ఇంకొకడితో కలిసి ఉంటాడు. ఉద్యోగం ఇంటింటికీ పిజ్జా చేరవేయడం. ఆ పిజ్జా వ్యాపారం నడిపేది మాఫియా. అమెరికాలో ప్రభుత్వం చిక్కి శల్యమైపోయి, రోడ్లు, జైళ్ళు, పోలీసులు అన్నీ కంపెనీల చేతికి పోయి ఉంటాయి. పిజ్జా డబ్బా మీద అంకెలు మెరుస్తూ నిమిషాలు లెక్కపెడుతుంటాయి. ముప్పై దాటితే మాఫియా పెద్దాయనే దిగొచ్చి కొన్నవాళ్ళకు క్షమాపణ చెప్పుకోవాలి. ఇక తెచ్చినవాడి గతి ఏంటో మీరే అనుకోండి. మొదటి అధ్యాయంలోనే హిరో చేతికి ఇరవై నిమిషాలు పాతబడ్డ పిజ్జా వస్తుంది. అడ్డదారిన పోబోయి ఎవరి పెరట్లోనో నీళ్ళు లేని ఈతకొలనులో కారుతో సహా పడతాడు.

ఇక్కడ నేను ఆగాను. కొందరు పగలబడి నవ్వారు, ఒక కుర్రాడు మాత్రం నవ్వలేదు.

అతను ఉదయగిరి వైపు నుంచి వచ్చి మా కింది వాటాలో అద్దెకుంటున్నాడు. డిగ్రీ అయింది. ప్రస్తుతానికి బండి మీద తిండి పొట్లాలు చేరవేస్తాడు. ఫోను మోకాలి మీద పెట్టుకుని, తెర వెలిగినప్పుడల్లా అటు చూస్తూ కథ వింటున్నాడు. నవ్వులు ఆగాక మెల్లిగా అన్నాడు, "ముప్పై నిమిషాలంటే నయమే గదా సార్."

నిజానికి ఆ ముప్పై నిమిషాల మాట స్టీఫెన్సన్ గాల్లోంచి పుట్టించింది కాదు. అప్పట్లో అమెరికాలో ఒక పెద్ద పిజ్జా కంపెనీ ఆ హామీతోనే పేరు తెచ్చుకుంది. రోడ్డు ప్రమాదాలు, కోర్టు కేసులు మీదపడి 1993లో మానుకుంది. అంటే నవల వచ్చిన మరుసటి ఏడాదే. ఈమధ్య మన పట్నాల్లో పది నిమిషాల మాట కూడా విన్నాం. రచయిత ఆటపట్టించడానికి వాడుకున్న అంకె ఈ కుర్రాడికి తీరుబడిలా వినిపించింది. నాకు టీ చల్లారిపోయింది.

మాలో ఇంకొక పెద్దాయన ఉన్నారు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. పిజ్జా కథకు ఆయన ఊరికే మూతి తిప్పారు. కానీ నవలలో ఒక ప్రభుత్వ ఆఫీసుకు వచ్చే మెమో దగ్గర మాత్రం ఆయన్ని పట్టుకోవడం మా వల్ల కాలేదు. మనకు మెమో అంటే గుండె దడ, సంజాయిషీ. అక్కడ మామూలు సర్క్యులరే. ఆ సర్క్యులర్ దేని మీదంటే, మరుగుదొడ్డిలో వాడే కాగితం మీద. ఉద్యోగులు దాన్ని చందాలేసుకుని కొనుక్కోవడానికి నిబంధనలు, ఉపనిబంధనలు, పేజీలకు పేజీలు. అసలు విషయం చివర్లో ఉంది. ఈ మెమో చదవడానికి పట్టే సమయం 15.62 నిమిషాలు అని రాసి ఉంటుంది. ఎవరు ఎంతసేపట్లో చదివారో కంప్యూటర్ పైకి చెప్పేస్తుంది. పది నిమిషాల లోపు ముగిస్తే నిర్లక్ష్యం, పిలిచి మందలిస్తారు. మరీ ఎక్కువసేపు పడితే మధ్యలో ఎటు పోయారని ఆరా. సరిగ్గా 15.62లోనే ముగించారా, వీడెవడో అతితెలివి మనిషి అని ఇంకో అనుమానం. అందుకని ఒక ఉద్యోగిని తాను ఎన్ని నిమిషాలు చదివినట్టు కనపడాలో లెక్కేసుకుంటుంది.

"ఇది అమెరికా కాదబ్బా, మా సెక్షనే!" అన్నారు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ. ఫైలు వెంటనే కదిపితే 'నీకేమైనా ముట్టిందా' అంటారట, ఆపితే 'ఏం ఆశిస్తున్నావు' అంటారట. అందుకని ప్రతి ఫైలునూ మూడు రోజులు బల్ల మీద ఊరికే పడుకోబెట్టేవారట. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు అలా గడిచిందట.

బీటెక్ చదివే అమ్మాయి నవ్విన చోటు ఇంకా విచిత్రం. కంప్యూటర్ లోకంలో ఒక మహా వీధి ఉంటుంది, దాని పొడవు 65,536 కిలోమీటర్లు. ఆ అంకె వినగానే పిల్ల కిసుక్కుమంది. మిగతావాళ్ళం కరెంటు పోయినట్టు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండుని పదహారుసార్లు వేసి గుణిస్తే వచ్చే అంకె అట అది, కంప్యూటర్ వాళ్ళకి మనకి నూటపదహార్లలాగ. వివరించాక కూడా మాకు నవ్వు రాలేదు. వివరించిన జోకు గతి అంతే.

ఆ లోకానికి రచయిత పెట్టిన పేరు మెటావర్స్. కంపెనీల రాజ్యాన్ని వెక్కిరిస్తూ రాసిన పుస్తకంలో పుట్టిన మాట అది. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ ఆ మాట మీద మోజుతోనే మెటా అని పేరు మార్చుకుంది. ఎగతాళి పేరును బోర్డు రాయించుకుని తగిలించుకోవడం ఊళ్ళలో చూశాను గానీ, ఇంత పెద్ద బోర్డు మీద చూడలేదు.

మెటావర్స్‌లో మనిషి వేసుకునే రూపాన్ని అవతార్ అంటారు. ఇక్కడ మా తెలుగు మాస్టారు కుర్చీ ముందుకు జరిపారు. మన మాటను వాళ్ళెప్పుడు తీసుకుపోయారని ఆరా. స్టీఫెన్సన్ ఆ మాట తనకే తట్టిందనుకున్నాడు. తనకంటే ముందే ఒక కంప్యూటర్ ఆటలో వాడారని తర్వాత తెలిసిందని పుస్తకం చివర ఒప్పుకున్నాడు. మాస్టారికి అది చాల్లేదు. "విరాటపర్వం ఏంది మరి? మన తిక్కన మొదలుపెట్టిందే అక్కడ గదా!" అన్నారు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించిన ఊళ్ళు మావి, కాదనేవాళ్ళెవరు? గాండీవం పట్టిన చెయ్యి బృహన్నలై ఉత్తరకు ఆట నేర్పింది, గద పట్టిన భీముడు వలలుడై గరిటె తిప్పాడు. హిరో కూడా అంతే అని మాస్టారి వాదం.

బీటెక్ అమ్మాయి ఒప్పుకోలేదు. "తిరగబడింది మాస్టారూ. వాళ్ళు పెద్దోళ్ళు, చిన్న వేషం కట్టారు. వీళ్ళు చిన్న బతుకోళ్ళు, పెద్ద వేషం కడుతున్నారు." మాస్టారు కాసేపు పెదవి విరిచి, తర్వాత ఆ మాట తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. నేను చూశాను.

అందరికీ అంతా నచ్చిందనుకోకండి. సగం దాటాక వేల ఏళ్ళనాటి సుమేరియా భాష, పాత దేవతలు, బైబిల్లోని బాబెలు గోపురం అంటూ పేజీలకొద్దీ ఉపన్యాసం వస్తుంది. అక్కడ నాకూ కునుకు పట్టింది. నవల ఠక్కున ఆగిపోతుంది కూడా. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, పదిహేనేళ్ళ ఆడపిల్లను రచయిత మగవాళ్ళ వ్యవహారంలోకి లాగిన తీరు బొత్తిగా బాగాలేదని గట్టిగా అన్నారు. ఆవిడ మాటే నా మాట కూడా.

ఆ పిల్లే, ఈతకొలనులో పడ్డ హిరో దగ్గర్నుంచి డబ్బా అందుకుని, స్కేట్‌బోర్డు మీద దూసుకుపోయి పిజ్జా చేరవేసేది. గడువు దాటకముందే. మూడో ఆదివారం అందరం లేస్తుంటే కుర్రాడి ఫోను మోగింది. హెల్మెట్ పెట్టుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, ఆ డెలివరీ డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డట్టు? ఆయనకా, ఆ పిల్లకా?"

మేడంతా ఒక్కసారే నవ్వింది. మూడు వారాల్లో అందరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. అతను మాత్రం జవాబు కోసం ఇంకాసేపు నిలబడి, టైము చూసుకుని మెట్లు దిగిపోయాడు.