చీకటిని కాపాడుకున్న కొండ ఊరు: ఫ్లాగ్‌స్టాఫ్

సభకు నమస్కారం.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఫ్లాగ్‌స్టాఫ్ పేరు తెలియని ఇల్లు ఉండదు. చలికాలంలో పిల్లలకు మంచు చూపించడానికి పొద్దున్నే బయలుదేరి రాత్రికల్లా ఇంటికి చేరుకునేవారు కొందరు. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను గ్రాండ్ కాన్యన్‌కు తీసుకువెళుతూ దారిలో భోజనానికి మాత్రమే అక్కడ ఆగేవారు మరికొందరు. ఆ ఊరి అసలు సంపద పొద్దు గుంకాక గాని కనబడదు కనుక, ఈసారి వెళ్ళినప్పుడు ఒక రాత్రి అక్కడ ఉండండని కోరడానికే ఈ ప్రసంగం.

సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉన్న ఫీనిక్స్ నుంచి ఉత్తరంగా రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే, బ్రహ్మజెముడు జాతి చెట్లు వెనకబడి, పొండెరోసా పైన్ అడవి మొదలై, 6,900 అడుగుల ఎత్తున ఈ ఊరు వస్తుంది. జనాభా లక్షకు లోపే. ఉత్తర దిక్కున శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు నిలిచి ఉంటాయి. ఒకప్పుడు అగ్నిపర్వతమైన ఆ పర్వతంలో అన్నిటికన్నా ఎత్తయిన హంఫ్రీస్ శిఖరం 12,633 అడుగులు. అరిజోనా రాష్ట్రంలో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. అక్కడి ఆదివాసులైన నవాహో ప్రజలకు అది తమ భూమికి నాలుగు దిక్కులా ఉన్న నాలుగు పవిత్ర పర్వతాలలో పడమటిది. మరో ఆదివాసి జాతి హోపీలకు వానను తెచ్చే కచీనా దేవతల నివాసం. ఆ కొండ మీది స్కీ మైదానంలో శుద్ధి చేసిన మురుగునీటితో కృత్రిమ మంచు తయారు చేయవద్దని ఈ జాతులు కోర్టుకు వెళ్ళి 2008లో అప్పీలులో ఓడిపోయాయి. తిరుమల కొండను సాలగ్రామమయమని తలచి, దాని మీద కాలు మోపడానికి రామానుజులవారు సంకోచించారని చెప్పుకునే మనకు, వారి బాధ ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. అక్కడికి వెళ్ళినప్పుడు అది కొందరికి గుడి అని గుర్తుంచుకుని నడవాలని నా మనవి.

ఇక ఆకాశం సంగతి. 1894లో పెర్సివల్ లోవెల్ అనే సంపన్నుడు కుజ గ్రహాన్ని పరిశీలించడానికి ఎత్తయిన చోటు, పొడిగాలి, నిర్మలమైన ఆకాశం వెతుక్కుంటూ ఈ ఊరి పక్కనున్న గుట్ట మీద వేధశాల కట్టించాడు. కుజుడి మీద కాలువలున్నాయన్న ఆయన నమ్మకం నిలవలేదు కాని, వేధశాల నిలిచింది. అక్కడే వెస్టో స్లైఫర్ 1912 నుంచి గెలాక్సీల (కోట్ల నక్షత్రాల సమూహాల) వేగాలను కొలిచి, వాటిలో అధిక భాగం మననుంచి దూరంగా పోతున్నాయని గమనించాడు. విశ్వం విస్తరిస్తున్నదన్న అవగాహనకు ఆ కొలతలు పునాదులలో ఒకటి. 1930 ఫిబ్రవరిలో, కాన్సస్ రైతు కుటుంబం నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ క్లైడ్ టాంబా, కొన్ని రోజుల తేడాతో తీసిన రెండు ఛాయాచిత్రాలను మార్చి మార్చి చూస్తూ, చుక్కల నడుమ జరిగిన ఒక్క చుక్కను పట్టుకున్నాడు. అదే ప్లూటో.

నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఊరి ప్రజలు చేసిన పని. 1958లోనే వ్యాపార ప్రచారానికి ఆకాశంలోకి వేసే సెర్చిలైట్లను నగరపాలక సంస్థ నిషేధించింది. తరవాతి దశాబ్దాలలో ఎకరానికి ఎంత వెలుతురు ఉండవచ్చునో పరిమితి పెట్టి, దీపాలకు పైన కప్పు ఉండాలని, కాంతి నేల మీదికే పడాలని నిబంధనలు రాసుకున్నారు. ఫలితంగా 2001లో ప్రపంచంలోనే మొట్టమొదటి అంతర్జాతీయ డార్క్ స్కై (చీకటి ఆకాశ) నగరంగా ఫ్లాగ్‌స్టాఫ్ గుర్తింపు పొందింది. అక్కడ వీధులలో దీపాలు లేకపోలేదు. అవసరమైన చోట, అవసరమైనంత, పసుపుపచ్చని కాంతితో ఉన్నాయి. అందుకే ఊరి మధ్యనుంచి కొద్ది దూరం వెళ్ళి తల ఎత్తితే పాలపుంత కనబడుతుంది. పెద్ద నగరాలలో పుట్టిన మన పిల్లలలో చాలామంది దాన్ని పుస్తకంలోనే చూశారు.

ఈ ఊరికి కష్టాలు లేకపోలేదు. 2010లో షుల్ట్జ్ కార్చిచ్చు కొండవాలును కాల్చివేశాక, ఆధారం లేని మట్టి మీద జూలై వానలు పడి వరదలు వచ్చాయి. రెండేళ్ళ తరవాత ప్రజలు తమ పన్నుల సొమ్ముతో కోటి డాలర్లు వెచ్చించి, మళ్ళీ అలాంటి మంట చెలరేగకుండా అడవిని పలచబరచడానికి ఓటు వేశారు.

వెళ్ళేవారికి కొన్ని సూచనలు. ఎత్తు వల్ల మొదటి రోజు ఆయాసం రావచ్చు. పెద్దవారిని ఆ రోజు కొండ ఎక్కించకండి, నీళ్ళు ఎక్కువగా తాగించండి. వేసవిలోనూ రాత్రికి స్వెట్టరు కావాలి. జూలై, ఆగస్టులలో మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది, రాత్రి మబ్బులు మిగలవచ్చు. పంచాంగం చూసి అమావాస్యకు దగ్గరి రోజు ఎంచుకోండి. మహాలయ అమావాస్య ప్రాంతంలో అయితే వానలు తగ్గి ఉంటాయి, కొండవాలున ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగు తిరుగుతూ ఉంటాయి, పొద్దు గుంకిన గంటన్నరకే పాలపుంత నడినెత్తికి వస్తుంది.