నీలి కాగితం

శ్రోతలకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అమెరికా సైనికులు ఇళ్లకు చేరినప్పుడు అందరి దగ్గరా ఒక కాగితం ఉండేది. సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పత్రం అది. పనికోసం వెళితే యజమాని ముందుగా అడిగేది ఆ పత్రమే. మాజీ సైనికుల కోసం 1944లో అమెరికా ఒక చట్టం చేసింది. జీ.ఐ. బిల్లు అంటారు. కాలేజీ చదువుకు ఫీజు, ఇంటి అప్పుకు ప్రభుత్వ హామీ, పని దొరికేదాకా భృతి, అన్నీ ఆ చట్టం కింద దక్కేవి. వాటికీ ఆ పత్రమే ఆధారం.

కొందరికి మాత్రం ఆ పత్రాన్ని నీలం రంగు కాగితం మీద ఇచ్చారు. బ్లూ డిశ్చార్జి అని దానికి పేరు. గౌరవంగా సాగనంపినట్టూ కాదు, నేరం రుజువై తొలగించినట్టూ కాదు. కోర్టు మార్షల్ అక్కర్లేదు, సాక్ష్యం అక్కర్లేదు. స్వలింగ ప్రేమికుడని అధికారికి నమ్మకం కలిగితే చాలు. అదే కాగితాన్ని నల్లజాతి సైనికుల మీదా విరివిగా ప్రయోగించారు. అందుకే పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రిక దాని మీద పెద్ద పోరాటం చేసింది. నీలి కాగితం చేతిలో ఉన్నవాడికి మాజీ సైనికుల శాఖ చదువూ ఇవ్వలేదు, అప్పూ ఇవ్వలేదు. ఆ రంగు చూడగానే ఊళ్లో యజమానికి కూడా విషయం అర్థమయ్యేది. తుపాకి గుళ్ల మధ్య బతికి బయటపడిన మనిషి, ఆ తర్వాత బతుకంతా ఒక కాగితానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 1947లో ఆ నీలి రంగు పోయింది. దాని స్థానంలో "అవాంఛనీయుడు" అనే ముద్రతో మరో రకం పత్రం వచ్చింది.

గే, లెస్బియన్ సైనికుల చరిత్ర అనగానే వీళ్లు సైన్యంలోకి ఎప్పుడు వచ్చారని అడుగుతారు. వాళ్లు మొదటినుంచీ అక్కడే ఉన్నారు. అమెరికా సైన్యం పుట్టిన తొలి రోజుల్లోనే, 1778 మార్చిలో, వ్యాలీ ఫోర్జ్ శిబిరం నుంచి గోట్‌హోల్డ్ ఎన్స్‌లిన్ అనే లెఫ్టినెంటును స్వలింగ సంబంధపు ఆరోపణ మీద డప్పులు వాయిస్తూ వెళ్లగొట్టారు. ఆ తీర్పును ఆమోదించింది జార్జి వాషింగ్టన్. సరిగ్గా అదే చలికాలంలో, అదే శిబిరంలో, చిరుగు బట్టల సైనికులకు కవాతు నేర్పి వాళ్లను సైన్యంగా తీర్చిదిద్దుతున్న బారన్ వాన్ స్టూబెన్ మీద కూడా యూరప్‌లో ఇలాంటి ఆరోపణలే ఉన్నాయి. స్టూబెన్ అవసరం గనుక ఆయన జోలికి ఎవరూ పోలేదు. తర్వాతి రెండు వందల ఏళ్లూ కథ ఇలాగే నడిచింది. యుద్ధం ముమ్మరంగా ఉన్నప్పుడు చూసీ చూడనట్టు ఊరుకోవడం, యుద్ధం ముగిశాక ఏరివేయడం.

ఇక లెనార్డ్ మాట్లొవిచ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వైమానిక దళ సార్జెంటు కొడుకు. వియత్నాంలో మూడు విడతలు పనిచేశాడు. ఇద్దరు శత్రు సైనికులను కాల్చి చంపినందుకు బ్రాంజ్ స్టార్ పతకం, మందుపాతర పేలి గాయపడినందుకు పర్పుల్ హార్ట్ వచ్చాయి. తిరిగివచ్చాక వైమానిక దళంలోనే తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య సామరస్యం గురించి పాఠాలు చెప్పే పని చేపట్టాడు. తాను పెరిగిన ఇంటి నుంచి, ఊరి నుంచి అబ్బిన ద్వేషాలను ఒక్కొక్కటే విడిచిపెట్టిన మనిషి కాబట్టి ఆ పాఠాలు మనసుకు పట్టేలా చెప్పేవాడు. ఒకరికి జరిగే అన్యాయం గురించి రోజూ నోరారా చెబుతూ, తన సంగతి నోట్లోనే దాచుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

1975 మార్చి 6న వర్జీనియాలోని లాంగ్లీ వైమానిక స్థావరంలో తన పైఅధికారి చేతికి ఒక ఉత్తరం ఇచ్చాడు. తాను స్వలింగ ప్రేమికుడినని, ఉద్యోగంలో కొనసాగాలని కోరుకుంటున్నానని అందులో రాశాడు. దీని అర్థం ఏమిటని అధికారి అడిగితే మాట్లొవిచ్ 1954 నాటి బ్రౌన్ కేసు పేరు చెప్పాడు. నల్లజాతి పిల్లలను వేరే బడుల్లో కూర్చోబెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసు అది. ఈ ఉత్తరం వెనుక మరో మాజీ సైనికుడు ఉన్నాడు, ఫ్రాంక్ కమెనీ. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఖగోళ శాస్త్రవేత్త. సైన్యం మ్యాపుల విభాగంలో ఉద్యోగం చేస్తుండగా 1957లో ఇదే కారణంతో తీసేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయినా వెనక్కి తగ్గలేదు. మచ్చలేని సర్వీసు ఉన్న సైనికుడు ఒకరు ముందుకు వస్తే ఈ నిషేధాన్ని కోర్టులో నిలదీయవచ్చని ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూశాడు.

విచారణలో మాట్లొవిచ్‌కు ఒక దారి చూపించారు. ఇకపై స్వలింగ సంబంధం పెట్టుకోనని రాసి సంతకం చేస్తే ఉద్యోగం నిలబడవచ్చు. ఆయన సంతకం చేయలేదు. అక్టోబరులో బయటికి పంపారు. అయిదేళ్ల తర్వాత, 1980లో, ఫెడరల్ న్యాయమూర్తి గెసెల్ ఆయనను తిరిగి తీసుకోవాలని ఆదేశించారు. వైమానిక దళం లక్షా అరవై వేల డాలర్లు ఇచ్చి రాజీకి వచ్చింది. మళ్లీ ఏదో ఒక వంకతో పంపిస్తారని తెలిసి ఆయన ఆ డబ్బు తీసుకున్నాడు. అప్పట్లో కొందరు దాన్ని తప్పుపట్టారు. నేను తప్పుపట్టలేను. ఒక్క మనిషి ఎన్నేళ్లని కోర్టుల్లో నిలబడగలడు?

1988లో ఎయిడ్స్‌తో ఆయన చనిపోయాడు. వాషింగ్టన్‌లోని కాంగ్రెషనల్ శ్మశానంలో ఆయన సమాధి మీద పేరు చెక్కించుకోలేదు. ఒక గే వియత్నాం సైనికుడిది అని మాత్రమే ఉంటుంది. దాని కింద ఒక వాక్యం. సైన్యంలో ఉండగా ఇద్దరిని చంపినందుకు పతకం ఇచ్చారు, ఒకరిని ప్రేమించినందుకు బయటికి పంపారు అని దాని భావం.

స్త్రీల కథ ఇంతకంటే తక్కువగా బయటికి వచ్చింది. పురుషుల మధ్య పనిచేసే స్త్రీ ఎవరి వేధింపుకైనా లొంగకపోతే ఆమె లెస్బియన్ అని పుకారు లేవదీయడం తేలిక. ఆ పుకారు చాలు, విచారణ మొదలయ్యేది. కర్నల్ మార్గరెథ్ కామర్‌మయర్ నర్సు. వియత్నాంలో సేవ చేసి బ్రాంజ్ స్టార్ అందుకున్నారు. నలుగురు కొడుకుల తల్లి. 1989లో పై పదవికి అవసరమైన భద్రతా విచారణలో అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పలేక, తాను లెస్బియన్‌నని చెప్పారు. 1992లో తొలగించారు. 1994లో కోర్టు తిరిగి ఉద్యోగంలోకి పంపింది.

అప్పటికే క్లింటన్ ప్రభుత్వం 1993లో కొత్త పద్ధతి తెచ్చింది. మేము అడగం, మీరు చెప్పకండి అన్నది దాని సారాంశం. వినడానికి మెత్తగా ఉంది. ఆచరణలో పదమూడు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఇరాక్ యుద్ధం నడుస్తుండగా అరబిక్ అనువాదకులను కూడా వదల్లేదు. తమ దేశస్తులను కాపాడటానికి వచ్చిన యువతీయువకులు తాము ఎవరో అబద్ధం చెప్పవలసి రావడం తనను కలవరపెడుతోందని, త్రివిధ దళాల ఉమ్మడి అధిపతి అడ్మిరల్ మల్లెన్ 2010లో సెనేట్ కమిటీ ముందు చెప్పారు. 2011 సెప్టెంబరు 20న ఆ పద్ధతి రద్దయింది. మూడు వారాల తర్వాత కమెనీ కన్నుమూశాడు. చూసి పోయాడు, అదే సంతోషం.

బ్రిటన్‌లో నిషేధం 2000 జనవరి దాకా ఉంది. సైనిక పోలీసులు గదులు సోదా చేసి ఉత్తరాలు, డైరీలు పట్టుకుపోయేవారు. జో ఔసలిస్ నౌకాదళంలో రేడియో ఆపరేటరు, ఫాక్లాండ్ యుద్ధంలో పాల్గొన్నవాడు. సుమారు పద్దెనిమిదేళ్ల సర్వీసు. 1993లో తొలగించినప్పుడు ఒకతను పెద్ద కత్తెర పట్టుకొని వచ్చి, ఆయన కోటు మీదున్న సత్ప్రవర్తన పతకాన్ని కత్తిరించి తీసుకుపోయాడు. దాన్ని తిరిగి ఇవ్వడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. నిషేధాన్ని కదిలించింది జెనెట్ స్మిత్ అనే వైమానిక దళ నర్సు, ఆమెతోపాటు మరో ముగ్గురు మాజీ ఉద్యోగులు. అజ్ఞాత ఫోనుతో మొదలైన విచారణలో ఆమెను అడిగిన ప్రశ్నలు రేడియోలో చెప్పలేను. 1999లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత బ్రిటిష్ సైన్యం కూలిపోలేదు. కూలిపోతుందన్న వాదనతోనే అన్నేళ్లూ వీళ్లను బయట నిలబెట్టారు. 2023లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, ఆ తర్వాత ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. అందుకోవలసినవాళ్లు చాలామంది అప్పటికి లేరు.

అమెరికా రక్షణ శాఖ 2024లో పాత ఫైళ్లు తానే తిరగేసి, ఎనిమిది వందల మందికి పైగా డిశ్చార్జి పత్రాలను గౌరవప్రదమైనవిగా మార్చింది. ఆ పత్రం మారితే వైద్యం దొరుకుతుంది, ఇంటి అప్పు దొరుకుతుంది. నాకు క్షమాపణ ప్రసంగాల కంటే ఇదే ముఖ్యమైన పని అనిపిస్తుంది.

మన దేశం మాట. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది. నాలుగు నెలలకే అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్, సైన్యంలో దీన్ని అనుమతించబోమని ప్రకటించారు. 1950 నాటి సైనిక చట్టం 46వ సెక్షన్‌లో "అసహజ" ప్రవర్తనకు ఏడేళ్ల దాకా శిక్ష రాసి ఉంది. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. కనుక పార్లమెంటు తలచుకుంటే "అసహజ" అనే ఆ ఒక్క మాటను తొలగించగలదు. బలవంతాన్నీ, అధికార దుర్వినియోగాన్నీ శిక్షించే నిబంధనలు దానితో పోవు. సరిహద్దులో కాపలా కాస్తున్న ఏ జవానుకైనా తన మనసులోని మనిషి ఫొటోను పర్సులో పెట్టుకొనే హక్కు ఉండాలని నేను కోరుకుంటున్నాను.

నమస్కారం.