వానాకాలంలో చిత్రిక పట్టించకండి

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో నాలుగు సొరుగుల టేకు బల్ల ఒకటుంది. మా మామగారు రైల్వేలో పనిచేసే రోజుల్లో, 1960 ప్రాంతంలో, వాల్తేరులో ఒక వడ్రంగి మేస్త్రి చేత చేయించుకున్నారు. నడుం ఎత్తుంటుంది. చెక్కడాలూ నగిషీలూ ఏమీ లేవు. కాళ్లు పైన లావుగా మొదలై, కిందికొచ్చేసరికి రూపాయి బిళ్లంత సన్నబడి, కాస్త బయటికి వాలి ఉంటాయి. సొరుగులకు పిడులు కూడా లేవు. పై అంచుని వంపుగా తొలిచారు, వేళ్లు దూర్చి లాగడమే. అరవై ఏళ్లుగా లాగీ లాగీ ఆ వంపులు నున్నగా తేలాయి. మూడోది మాత్రం కొంచెం గరుకు. అందులో ఉండేవి దస్తావేజులు మరి!

ఈ వాటానికి ఇప్పుడు మిడ్ సెంచరీ మోడర్న్ అని పెద్ద పేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డెన్మార్క్ వాళ్లు ఆసియా టేకు తెప్పించుకుని మరీ ఇలాంటివి చేశారు. మన దగ్గర చండీగఢ్ కడుతున్నప్పుడు స్విస్ వాస్తుశిల్పి పియరీ జన్నరే ఆధ్వర్యంలో ఆఫీసులకు టేకు కుర్చీలూ బల్లలూ చేయించారు. పాతబడ్డాయని వాటిని తుక్కు కింద వదిలించుకుంటే, విదేశీ వేలంపాటల్లో లక్షలు పలికాయి. మా మామగారికి ఈ గొడవేమీ తెలీదు. "కింద చీపురు దూరాలి" అన్నారట, అంతే.

ఆ మాటకొస్తే విశాఖకి సొరుగుల పని కొత్త కాదు. 18వ శతాబ్దంలోనే ఇక్కడి పనివాళ్లు దొరల కోసం ఏనుగు దంతం తాపిన పెట్టెలూ బల్లలూ చేసేవారు. దంతం మీద సన్నగా గీతలు చెక్కి, అందులో నల్ల లక్క నింపేవారు. అలాంటివి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గొప్ప పనే, కాదనను. నాకు మాత్రం చీపురు దూరే బల్లే ఇష్టం.

అసలు సంగతి జూలైది. నాలుగు వానలు పడ్డాయంటే తువ్వాళ్లుండే రెండో సొరుగు ఊడిరాదు. ఒక ఏడు విసుగెత్తి, ఒకాయన్ని పిలిచి సొరుగు పక్క చెక్కల పై అంచులకు చిత్రిక పట్టించి, కాస్త చెక్క గీయించేశాను. వెన్నలా జారింది. మార్చి వచ్చేసరికి, లాగితే చాలు ముందుకి తల వాల్చేసేది. తప్పు ఆయనది కాదు, పట్టమన్నది నేనే.

చెక్క పొడుగు పెద్దగా మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, ఎండలకి తగ్గుతుంది. సముద్రం పక్కనున్న ఊళ్లో తేమ సంగతి చెప్పాలా? పాత మేస్త్రి ఇదంతా ముందే లెక్కేసుకున్నాడు. సొరుగు బోర్లించి చూడండి, అడుగు చెక్కకి ఎక్కడా బంక లేదు. మూడు పక్కలా గాడిలో కూర్చుంది. వెనక ఒక్క ఇత్తడి మర, దాని రంధ్రం కూడా కోలగా తీశాడు. చెక్క ఉబ్బితే వెనక్కి జరగడానికి చోటన్నమాట.

ఇప్పుడు వానలకు ముందే సొరుగులన్నీ తీసి, మామూలు కొవ్వొత్తితో కింది అంచులూ, అవి జారే పట్టీలూ రుద్దుతాను. నూనె వద్దు, దుమ్ము పట్టి జిగటవుతుంది. కొవ్వొత్తికీ లొంగకపోతే సంక్రాంతి దాకా ఆగండి. అప్పటికీ బిగుతుగా ఉంటేనే చిత్రిక.

నేను పాడుచేసిన అంచుకి తర్వాత సన్నటి టేకు బద్ద అతికించారు. రంగు కలవలేదు. ఈ ఏడు కొవ్వొత్తి సంగతి మర్చిపోయాను, నిన్నటి వానకి అదీ బిగుసుకుంది. తువ్వాళ్లన్నీ లోపలే ఉన్నాయి.